నల్ల పెట్టొచ్చునా, అయ్యగారూ?

2016 జూన్‌లో నన్ను నాందేడ్ నుంచి కిన్వట్ పశువైద్య దవాఖానాకు బదిలీ చేశారు. నా హోదా పశుధన్ వికాస్ అధికారి. వినడానికి పెద్ద పదవిలాగే ఉంటుంది గానీ, ఊళ్ళల్లో మమ్మల్ని పిలిచేది గొడ్ల డాక్టరనే. ఆడమనిషిని కాబట్టి నాకు ‘డాక్టర్‌బాయి’ అన్న మర్యాద దక్కింది. నా కింద టీకాలూ చిన్నచిన్న వైద్యాలూ చూసే పర్యవేక్షకుడు ఒకాయన, వైద్యం జరుగుతుంటే పశువు కదలకుండా పట్టుకునే పరిచర్ ఒకాయన ఉండేవారు. మా ముగ్గురిలో పశువులు నిజంగా లెక్కచేసింది పరిచర్‌నే.

మాది తాతల నాడే నాందేడ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ మాట్లాడుతూ పెరిగినదాన్ని. కిన్వట్‌లో జనం ఈ మూడింటినీ ఒకే వాక్యంలో వాడేస్తారు కాబట్టి కొత్త చోటు అనిపించలేదు. ఒక మేక ‘బిమార్’ పడి, ‘చారా’ ముట్టక, ‘ఎట్లనో చేస్తున్నది’ అంటే నాకు మొత్తం రోగచరిత్ర అర్థమైపోయేది.

మా వృత్తిలో వైద్యం ఒక సగం. రెండో సగం గురించి బయటివాళ్ళకు తెలియదు. అది మాంస పరీక్ష. కోతకు ముందు పశువును నడిపించి చూడాలి, జ్వరం కొలవాలి, కంటిరెప్ప తిప్పి లోపలి రంగు చూడాలి, ముక్కు కారుతున్నదేమో, ఊపిరి బరువుగా ఉన్నదేమో గమనించాలి. కోసిన తరువాత కాలేయంలో జలగలున్నాయా, ఊపిరితిత్తుల మీద నీటిబుగ్గలున్నాయా, మెడ దగ్గరి గ్రంథులు వాచాయా అని చేత్తో తడిమి, అవసరమైతే కోసి చూడాలి. ఆ తరువాత మేము చెప్పేది రెండే మాటలు: తినడానికి పనికొస్తుంది, పనికిరాదు. ఈ అలవాటు వల్ల పెళ్ళి భోజనాల్లో కూడా నేను కార్జం ముక్కను వేళ్ళతో నొక్కి చూసేదాన్ని. మా ఆయన తరఫు బంధువులు నన్ను పంక్తి చివర కూర్చోబెట్టడం మొదలుపెట్టింది అందుకే.

నేను వెళ్ళిన ఏడాది చలికాలంలో ఆ చుట్టుపక్కల మేకలకు ముక్కు కారే రోగం తిరిగింది. అది మనుషులకు అంటదు. ఆ మాట ఎంత చెప్పినా జనం మటన్ అంటే వెనకాడారు. అందుకని ఎవరైనా అడిగితే విందులకు కోసే మేకలను కూడా వెళ్ళి చూడమని పై అధికారి నోటిమాటగా చెప్పారు. అలా నేను రూతమ్మ ఇంటి విందుకు సర్కారు పని మీద వెళ్ళాను.

రూతమ్మది కిన్వట్‌ను ఆనుకుని ఉన్న గోకుంద. పుట్టింది మాత్రం భోకర్ వైపు ఒక తెలుగు రైతు కుటుంబంలో. అప్పటి పేరు రుక్మిణి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసే క్రైస్తవుణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకుని, బాప్తిస్మం తీసుకుని రూతు అయింది. భర్త పోయాక మేకలు పెంచుకుంటూ, పాలూ పిల్లలూ అమ్ముకుంటూ బతికేది. నాకు అక్కడ మొదట పరిచయమైన మనిషి ఆమే. మేకకు సూది వేస్తుంటే ఆమె మేకతో మాట్లాడేది, నాతో మాట్లాడేది, మధ్యలో ప్రభువుతో కూడా మాట్లాడేది. ఏ మాట ఎవరికో మనమే తెలుసుకోవాలి.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, గంగారాం. అక్క పెళ్ళైనప్పుడు అలిగినా తరువాత రాకపోకలు మానలేదు. జొన్నల సంచి తెచ్చేవాడు, పిల్లలను ఎత్తుకునేవాడు, బావ చనిపోయినప్పుడు అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. ఆమె ఇంట్లో మెతుకు మాత్రం ముట్టేవాడు కాదు. ఒకసారి ఏకాదశి అనేవాడు, ఒకసారి సోమవారం అనేవాడు, ఏదీ దొరక్కపోతే కడుపునొప్పి అనేవాడు. చివరికి మంచినీళ్ళు కూడా స్టేషన్‌లో తాగే వచ్చేవాడు. “ఇన్నేండ్లల్ల ఒక్కనాడు చెంబు అందుకోలే, డాక్టర్‌బాయీ. నేను అడగలే. అడిగితె గీ వచ్చుడు గూడ బందు చేస్తడని భయం,” అని ఒకరోజు చెప్పి, ముఖం తిప్పుకుని మేక చెవి నిమిరింది. నాకు ఆ గంగారాం మీద చాలా కోపం వచ్చింది. అప్పటికి నేను అతణ్ణి చూడనైనా లేదు.

ఆ ఏడు రూతమ్మ ఇంటికి స్లాబు పడింది. కొత్త ఇంట్లో కృతజ్ఞతా కూడిక, ఆ తరువాత విందు. గంగారాం నలుగురి ముందు, ఈసారి అక్క ఇంట్లో తింటానని మాటిచ్చాడు. రూతమ్మ మందలోంచి నిగనిగలాడే మేకపోతును వేరు చేసి కట్టేసింది. దాని మేత, దాని నీళ్ళు అన్నీ వేరు. నేను పోయినప్పుడల్లా దానికి జ్వరం ఉందేమో చూడమనేది. ఆ మేకపోతుకు జరిగినన్ని ఆరోగ్య పరీక్షలు మా పై అధికారికి కూడా జరిగి ఉండవు.

ఇక్కడ నల్ల గురించి చెప్పాలి. మేకను కోసినప్పుడు పట్టిన రక్తాన్ని ఉల్లిగడ్డ, కారం వేసి వండే కూరను మావైపు నల్ల అంటారు. విందులో మిగతా కూరల కన్నా ముందు అయ్యేది అదే, పుట్టింటివాళ్ళకు, పెద్దమనుషులకు మొదట పెట్టేదీ అదే. అది పెట్టకపోతే మర్యాద తప్పినట్టు. పైగా గంగారాంకు చిన్నప్పుడు నల్ల అంటే ప్రాణం, గిన్నె గీకి తినేవాడట. అయితే రూతమ్మకు బాప్తిస్మమిచ్చిన పాత పాస్టరు, రక్తం తినడం వాక్యానికి విరుద్ధమని చెప్పి ఉన్నాడు. ఆమె పెళ్ళైనప్పటి నుంచి నల్ల వండలేదు. ఇప్పుడు తమ్ముడికి పెట్టాలా, మానాలా?

సంఘానికి కొత్త పాస్టరు వచ్చి కొన్ని నెలలే అయింది. పేరు శామ్యూలు, గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక రూతమ్మ అందరి ముందూ ఆయన్ని అడిగేసింది: “అయ్యగారూ, ఇంటి విందుల నల్ల పెట్టొచ్చునా? తప్పు కాదా?”

తప్పేముందమ్మా, తప్పకుండా పెట్టించండి, వచ్చినవాళ్ళందరికీ సౌకర్యంగా ఉంటుంది, ఖర్చు ఎక్కువైతే సంఘం తరఫున కూడా సాయం చేద్దాం అని పాస్టరు గారు చెప్పారు. రూతమ్మ ఉబ్బిపోయింది. నాతో చెప్పినప్పుడు ఒక్క అనుమానమే వెలిబుచ్చింది: “మేక మనదే, నెత్తురు దాంట్లదే. మరి ఖర్చేంది, డాక్టర్‌బాయీ?” ఉల్లిగడ్డల ధర పెరిగింది కదా అని నేను సర్దిచెప్పాను.

విందు రోజు పొద్దున్నే వెళ్ళాను. మేకపోతును అటూఇటూ నడిపించి చూశాను. కళ్ళు తేటగా ఉన్నాయి, ముక్కు పొడిగా శుభ్రంగా ఉంది, జ్వరం లేదు. ముందు రాత్రి నుంచి మేత ఆపి నీళ్ళే పెట్టమని నేను చెప్పిన మాట రూతమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. బజారు నుంచి వచ్చిన కటికాయన పని మొదలుపెట్టాడు. రక్తం గడ్డకట్టకుండా ఉప్పునీళ్ళు పోసిన వెడల్పాటి గిన్నె ఒకటి పక్కన సిద్ధంగా ఉంది. నియమం ప్రకారం రక్తాన్ని శుభ్రమైన గిన్నెలో విడిగా పట్టాలి, మాంసం పరీక్ష అయ్యేదాకా వండకూడదు. గిన్నెను నేనే మరోసారి కడిగించాను.

నేను లోపలి భాగాల పరీక్ష ముగించి చేతులు కడుక్కుంటుంటే పాస్టరు గారు వచ్చారు. ఆయన మనసులో ఏదో బరువు ఉంది. ఆ మధ్య ఒక సంచార బోధకుడు వచ్చి, అసలు క్రైస్తవులు మాంసమే తినకూడదని చెప్పి పోయాడట. సంఘంలో కొందరు అటూఇటూ అయ్యారు. నేను కుతూహలం కొద్దీ అడిగాను, మీ గ్రంథం ఏమంటుందని. ఆయన పందిరి గుంజకు ఆనుకుని చక్కగా చెప్పారు. సృష్టి మొదట్లో తోటలో మనిషికి దేవుడు ఇచ్చింది ఫలాలూ గింజలే, ఆ బోధకుడు అక్కడే ఆగిపోయాడు. జలప్రళయం తరువాత నోవహుకు మాంసం కూడా తినమని అనుమతి వచ్చింది. యేసు ప్రభువు శిష్యులతో కలిసి చేపలు తిన్నాడు. సంతలో అమ్మే మాంసాన్ని గురించి లేనిపోని ఆరాలు తీయకుండా తినమని పౌలు కొరింథు వాళ్ళకు రాశాడు. తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు. ఒక్కటి మాత్రం మొదటి నుంచి చివరిదాకా నిషేధమే అన్నారు: రక్తం. నోవహుకూ దేవుడు అదే చెప్పాడు, అపొస్తలులూ అదే రాశారు, రక్తమూ గొంతు నులిమి చంపినదీ ముట్టవద్దని.

గొంతు నులిమి చంపినది మా నిబంధనల్లో కూడా పనికిరాదు, రక్తం పూర్తిగా కారని మాంసం తొందరగా చెడుతుంది కాబట్టి. ఆ మాట చెప్పి ఇద్దరం ఏకాభిప్రాయానికి సంతోషించాం. ఆ తరువాత నాకు గిన్నె గుర్తొచ్చింది. మరి నల్లకు మీరే అనుమతి ఇచ్చారట కదా అన్నాను.

“ఇచ్చానండీ. ఏదండీ, ఇంకా బిగించినట్టు లేదే?”

“ఏం బిగించాలి?”

“నల్లా అండీ! కుళాయి! నేను వచ్చిన కొత్తలో కుళాయి అంటే ఒక్కరికీ అర్థం కాలేదు. ఇక్కడ నల్లా అంటారని కష్టపడి నేర్చుకున్నాను కదండీ!”

నేను గిన్నె వైపు చూపించాను. ఆయన చూశారు. గుంజ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నారు. రక్తం తినడానికి సంఘం తరఫున సాయం చేస్తానని ఆదివారం పూట అందరి ముందూ ప్రకటించిన పాస్టరు మా ప్రాంతంలో అంతకు ముందు లేడు, తరువాతా రాడు. నాకు నవ్వు ఆగలేదు. పాపం, ఆయన కూడా కాసేపటికి నవ్వారు గానీ, వెంటనే నా దగ్గరికి జరిగి బతిమాలారు. రూతమ్మ మనసు నొచ్చుకోకుండా, ఆ రక్తం బాగాలేదని నేను ఒక్క మాట అంటే అందరి పరువూ దక్కుతుందట. రక్తం శుభ్రంగా ఉందని, నేనలా అనలేనని, ఆయనే ఆమెకు చెప్పడం మంచిదని చెప్పాను. ప్రార్థనకు ముందు చెప్తాలెండి అంటూ ఆయన కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళారు.

ఆయన వెళ్ళిన కాసేపటికి మేకల కొట్టం వెనక నుంచి ఎవరో దగ్గారు. ఇస్త్రీ చొక్కా, గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్న నడివయసు మనిషి. తను గంగారాంనని చెప్పి, అటూఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: “బాయీ, ఈ మేక ఖరాబున్నదని అనుండ్రి. మొత్తం మేకనే. మీ కాళ్ళు మొక్కుత.”

నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ ఏ కడుపునొప్పి వచ్చిందని అడిగేశాను. అతడు పై గుండీ విప్పి, లోపలి నుంచి తులసిమాల తీసి చూపించాడు. మొన్న ఆషాఢంలో పండరీపురం నడిచి వెళ్ళి, మాల వేసుకుని వచ్చాడట. మావైపు అలా వేసుకున్నవాళ్ళను మాళ్‌కరి అంటారు. వాళ్ళు మాంసం ముట్టకూడదు. తింటానని మాటిచ్చినప్పుడు అక్క మేకను కోయిస్తుందనుకోలేదట. “ఇన్నొద్దులు అబద్ధాలు చెప్పిన. ఇప్పుడు నిజం చెప్తె అక్క నమ్ముతదా? క్రీస్తానోళ్ళ ఇంట్ల తినకుంట తప్పించుకుంటానికి ఇంకో బహానా దొరికిందా అంటది. మీరు సర్కారోళ్ళు. మీరంటె నమ్ముతది.”

అక్కడికి నా కోపం పోయింది. అయినా నేను ఒప్పుకోలేదు. మంచి మేకకు నేను రోగం అంటగడితే సాయంత్రానికి గోకుంద అంతా పాకుతుంది, మరునాటి నుంచి రూతమ్మ మేకలను ఎవరూ కొనరు. ఆమె బతుకంతా ఆ మేకల మీదే. ఆ సంగతి అతనికి విప్పి చెప్పి, అక్కతో నువ్వే మాట్లాడు అన్నాను. ఒకే పొద్దున ఇద్దరు మగవాళ్ళు ఒక ఆడమనిషికి నిజం చెప్పలేక నా వృత్తి వెనక దాక్కోవాలని చూశారు.

పైగా మూడో విన్నపం కూడా వచ్చింది. రూతమ్మ స్వయంగా వచ్చి, మేక బాగుందన్న మాట తన తమ్ముడికి వినబడేలా గట్టిగా చెప్పమంది. ఇది నిబంధనలకు లోబడిన కోరిక కాబట్టి పందిట్లో నిలబడి గట్టిగా చెప్పాను: మేకపోతు ఆరోగ్యంగా ఉంది, మాంసం తినడానికి పనికొస్తుంది. జనం సంతోషించారు. గంగారాం ముఖం పాలిపోయింది. పాస్టరు గారు ఆకాశం వైపు చూశారు.

ప్రార్థనకు ముందు చెప్పాలని పాస్టరు అనుకున్నారు గానీ, రూతమ్మ ప్రార్థన దాకా ఆగలేదు. నల్ల కాగానే పళ్ళెంలో పెట్టుకుని, నిమ్మకాయ బద్ద పక్కన ఉంచి, తిన్నగా తమ్ముడి ముందు పెట్టింది. పెట్టి అక్కడే నిలబడింది. పందిట్లో అందరూ అటే చూస్తున్నారు. గంగారాం చేయి పళ్ళెం దాకా పోయి ఆగింది. అప్పుడే పాస్టరు గారు పరుగెత్తుకుంటూ వచ్చి, అమ్మా వద్దు, అది రక్తం, నేను అన్నది నీళ్ళ నల్లా గురించి అని ఒక్క ఊపిరిలో చెప్పేశారు. పందిట్లో ఒకటే నవ్వులు. రూతమ్మ నవ్వలేదు.

“అయ్యగారూ, నల్లా అయితేంది, నల్ల అయితేంది! ఇన్నేండ్లకు నా తమ్ముడు నా ఇంట్ల పళ్ళెం ముందు కూసున్నడు. ఇప్పుడు దాన్ని గుంజుకుంటరా?” అంది.

గంగారాం లేచాడు. అతడు వెళ్ళిపోతాడేమోనని నేను భయపడ్డాను. అతడు పై గుండీ విప్పి మాల బయటికి తీశాడు. “అయ్యగారిని అనకక్కా. నేను ఎట్లయినా తినేటోణ్ని కాదు. మాల ఏసుకున్న.”

రూతమ్మ మాలను చూసింది, తమ్ముణ్ణి చూసింది. ఎప్పుడు వేసుకున్నావనీ, ముందే ఎందుకు చెప్పలేదనీ అడుగుతుందనుకున్నాం. ఆమె అడిగింది వేరే.

“మరి ఏం తింటవ్‌రా?”

“ఏం పెట్టినా తింట. ముందుగాల నీళ్ళియ్యి.”

ఆమె చెంబు తెచ్చింది. అతడు ఎత్తి పోసుకోకుండా, అంచుకు నోరు పెట్టి, సొంత ఇంట్లో తాగినట్టే గటగటా తాగాడు. చొక్కా తడిసింది. నేను పశువుల డాక్టర్ని, ఎన్నో చూసినదాన్ని, నాకూ కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి.

ఇక తొందర మొదలైంది. ఇంట్లో గిన్నెలన్నీ ఆ పూట మాంసం తగిలినవే. రూతమ్మ పాలగిన్నె మాత్రం ఎప్పుడూ వేరుగా ఉంటుంది, మేకలు పెంచేవాళ్ళ ఇళ్ళల్లో దాన్ని పాలకు తప్ప దేనికీ వాడరు. ఆ రోజు వాడింది. పాలగిన్నెలో శనగపిండి కలిపి, పచ్చిమిర్చీ జీలకర్రా వేసి పిఠ్లా చేసింది. పక్కింటామె తన పెనం మీద జొన్నరొట్టెలు కొట్టి ఇచ్చింది. గంగారాం తినడం మొదలుపెట్టగానే పాస్టరు గారు వచ్చి అతని పక్కన కూర్చుని, తనకూ పిఠ్లాయే వేయమన్నారు. మాంసం వల్ల నా సహోదరుడికి ఇబ్బంది కలిగితే ఇక మాంసమే తిననని పౌలు రాశాడని, ఈ పూటకు తనకదే వాక్యమని అన్నారు. రూతమ్మ సహోదరుడన్న మాటను పట్టుకుంది. పౌలుకు కూడా తమ్ముడున్నాడా అని అడిగి, జవాబు వినకుండానే తనూ ఒక రొట్టె తీసుకుని గంగారాం ఎదురుగా కూర్చుంది. నల్లను సంఘం బయటి ఇరుగుపొరుగు వాళ్ళు పందిరి అవతల కూర్చుని ఇష్టంగా తిన్నారు. పాస్టరు గారు అటు చూడలేదు. నేను మటన్ తిన్నాను. పనికొస్తుందని చాటింపు వేసిన మనిషే తినకపోతే జనం మళ్ళీ అనుమానపడతారు.

గంగారాం మూడు రొట్టెలు తిని, ఇంకొకటి అడిగాడు.

ఆ తరువాత నేను పదవీ విరమణ చేసేదాకా ఎన్నో మేకలను పరీక్షించాను, మాంసం గురించి ఎన్నో తగవులు విన్నాను. ఆ రోజు నేర్చుకున్నది అన్నిచోట్లా పనికొచ్చింది. మాంసం మంచిదా కాదా అంటే పశువైద్యుడు చెప్తాడు. క్రైస్తవులు తినొచ్చా అంటే గ్రంథం చదివిన పాస్టరు చెప్తాడు. ఫలానా మనిషి నా ఇంట్లో తింటాడా అన్నది ఆ మనిషినే అడగాలి. రూతమ్మ అడగలేదు, గంగారాం చెప్పలేదు. ఆ ఇద్దరూ కలిసి భోంచేయడం కోసం వాళ్ళిద్దరిలో ఒక్కరూ ముట్టని మేకపోతు ఒకటి ప్రాణం పోగొట్టుకుంది.